పరాయి ఎద్దుల మెడకు కాడి

వాగు అవతలి కొండవాలులో సిద్దప్ప అనే గుంటనక్క చెరకు గానుగ నడిపేవాడు. ఆరు ఎద్దులు వంతులవారీగా దాన్ని తిప్పేవి. అందరిలో పెద్దవాడు మైలన్న. మాట తక్కువ, ఓపిక ఎక్కువ. పన్నెండేళ్ళు అదే చుట్టు తిరిగి తిరిగి అతని కాళ్ళ కింద నేల గుంటపడింది.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. కర్రెన్న అనే పడుచు ఎద్దుకు కాడి ఒరుసుకుని మెడ మీద పుండు పడింది.

"అయ్యా, పుండు మానేదాకా వాణ్ణి వదిలెయ్యండి. వాడి వంతు మేం పంచుకుంటాం," అన్నాడు మైలన్న.

ఎద్దు పుండు కాకికి నొప్పా? సిద్దప్ప బెల్లం పెనం మీంచి చూపు తిప్పకుండానే, "తిరగలేని ఎద్దు నాకెందుకు? ఈ పూటతో వాడికీ నాకూ సరి. పొమ్మను," అన్నాడు.

మర్నాడు పొద్దున ఒక్క ఎద్దు కూడా కాడి దగ్గరికి వెళ్ళలేదు. అందరూ వచ్చి గానుగ వాకిట్లో కూర్చున్నారు.

"పనిలోకి వస్తారా, రారా?" అన్నాడు సిద్దప్ప.

"కర్రెన్నను రానిస్తే వస్తాం."

"అయితే మీరూ పోండి. ఇవాళ్టి నుంచి మీలో ఎవరూ నా ఎద్దులు కారు."

ఎద్దులు కదల్లేదు. కర్రెన్న మాత్రం తల దించుకుని, "పెదనాన్నా, నా ఒక్కడి వల్ల ఇంతమందికి గడ్డి పోతోంది. నేను వెళ్ళిపోతాను," అన్నాడు.

"నువ్వు పోతే కాడి ఇంకో మెడ వెతుక్కుంటుంది. కూర్చో," అన్నాడు మైలన్న. అన్నాడే గానీ, లోపల అతనికీ గుబులుగానే ఉంది.

ఆ అడవిలో తగవులు తీర్చే చోట్లు రెండు. పని చేయించేవాళ్ళకూ చేసేవాళ్ళకూ పేచీ వస్తే తాబేలవ్వ వినేది. పుండైతే పుండు కళ్ళారా చూసిగానీ ఆవిడ నోరు విప్పదు. ఒకడి చోటులోకి ఇంకొకడు జొరబడితే మాత్రం ఎలుగు పెద్దయ్య దగ్గరికి పోవాలి. ఆయన రెండు తోడేళ్ళను పంపి పొద్దెక్కేలోగా తరిమించేస్తాడు.

సిద్దప్ప తాబేలవ్వ వైపు కన్నెత్తి చూడలేదు. తిన్నగా పెద్దయ్య దగ్గరికే పోయాడు. మర్నాడు ఎద్దులకు పిలుపొచ్చింది.

"పెద్దయ్యా, ఆరు పరాయి ఎద్దులు నా వాకిట్లో తిష్ఠ వేశాయి. తరిమించండి," అన్నాడు సిద్దప్ప.

"మేం పరాయివాళ్ళం కాదయ్యా, పనివాళ్ళం. ఇది తాబేలవ్వ వినాల్సిన తగవు," అన్నాడు మైలన్న.

సిద్దప్ప నవ్వాడు. "నిన్ననే తీసేశాను కదా. తీసేసినవాడికి పనెక్కడిది? పని లేనివాడికి సమ్మె ఎక్కడిది? వీళ్ళు వట్టి దారినపోయేవాళ్ళు."

పెద్దయ్య తలాడించాడు. తోడేళ్ళు లేచి ఒళ్ళు విరుచుకున్నాయి. నక్క మాట తాడులా తిన్నగానే కనిపిస్తోంది. ముడి ఎక్కడుంది? మైలన్నకు గానుగ పక్కన కోసి పడేసిన చెరకు మోపులు గుర్తొచ్చాయి.

"సరేనయ్యా," అన్నాడు నెమ్మదిగా. "ఇప్పుడే వెళ్ళిపోమంటారా? అడవి దాటి వెళ్తాం. మళ్ళీ ఈ వైపు రాం."

సిద్దప్ప ఉలిక్కిపడ్డాడు. "ఇప్పుడే ఎలా? కోసిన చెరకు ఎండిపోతోంది. అది ఆడటం అయ్యేదాకా తిప్పి, ఆ తర్వాత పొమ్మనండి పెద్దయ్యా. గానుగెద్దులు ఉన్నట్టుండి పని ఎగ్గొట్టడం ఏం ధర్మం?"

పెద్దయ్య వీపు గోక్కుంటున్నవాడల్లా ఆగాడు. "ఎవరి గానుగెద్దులు?"



"అయ్యా, ఒక్క మాట," అన్నాడు మైలన్న. "మేం పరాయివాళ్ళమైతే మా మెడ మీద కాడి పెట్టమని అడిగే హక్కు ఈయనకు లేదు. మేం పనివాళ్ళమైతే ఈ తగవు వినే పని మీది కాదు."

పెద్దయ్య నక్క వైపు తిరిగాడు. "అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే కుదరదు సిద్దప్పా. పనిలోంచి తీసేయడమే అసలు తగవు. తీసేశాను కాబట్టి తగవే లేదంటే ఎలా? ఇలా అయితే ప్రతివాడూ ముందు తీసేసి, తర్వాత నా గడప తొక్కుతాడు. తాబేలవ్వ దగ్గరికి పోండి." తోడేళ్ళను కూర్చోమని సైగ చేశాడు.

తాబేలవ్వ మూడు రోజులు విన్నది. కర్రెన్న మెడ దగ్గరకు పోయి పుండు చూసింది. ఆరుగురినీ పనిలో పెట్టుకోవాలనీ, పుండు మానేదాకా కర్రెన్నను నీడన ఉంచి మేపాలనీ చెప్పింది. మైలన్ననూ వదల్లేదు. "చెరకు కోయకముందే చెప్పి ఆపాల్సింది నాయనా," అంది. అది నిజమేనని మైలన్న ఒప్పుకున్నాడు.

సిద్దప్ప ఇంటికొచ్చేసరికి మోపులు ఎండి చొప్పలా అయ్యాయి. అతను చల్లారిన పొయ్యి పక్కన కూర్చుని, తానే అన్న మాటలను ఒక్కొక్కటే మళ్ళీ తలుచుకున్నాడు.

పనిలోంచి గెంటేసినవాణ్ణి న్యాయంలోంచి కూడా గెంటేయలేరు.