సుంకమ్మ కోసం ఒక పాపీ పువ్వు

అనంతపురం దిక్కున ఒక ఎండిన పల్లెలో ఓబన్న, తిప్పయ్య, సంజీవులు అని ముగ్గురు అన్నదమ్ములు ఉండేవాళ్ళు. ఊళ్ళో నీళ్ళకు కరువు గానీ తమ ఇంట్లో తెలివికి కరువు లేదని వాళ్ళ నమ్మకం. చెప్పిన మాటను పొల్లుపోకుండా చేయడమే తెలివి అని పెద్దవాడు ఓబన్న అనేవాడు, తమ్ముళ్ళు తలలూపేవాళ్ళు. ఊరివాళ్ళు ఎదురు చెప్పేవాళ్ళు కాదు. చెబితే అదీ చేసి చూపిస్తారని భయం.

ముగ్గురిలో పెళ్ళయింది నడిపివాడు తిప్పయ్యకే. ఆయన భార్య సుంకమ్మ ఒకనాడు సంగటి దించి, నీళ్ళకు పోతూ, దాన్ని ఓ కంట కనిపెట్టుకోమని చెప్పింది. అంతే, ముగ్గురూ తలా ఒక కన్ను మూసుకుని రెండో కంటితో కనిపెట్టారు. కుక్క వచ్చింది, ముద్దలన్నీ తిన్నది, తీరిగ్గా పోయింది. సుంకమ్మ తిరిగొచ్చాక, అది ఏ ముద్ద ముందు తిన్నదో ఏది తర్వాత తిన్నదో వివరంగా చెప్పారు.

"ఈ బోడి దొడ్లో ఒక్క పువ్వు పూసిననాడే నేను మళ్ళా ఈ గడప తొక్కేది" అని సుంకమ్మ బట్టలు సర్దుకుని పుట్టింటికి పోయింది.

ఇంకొకరైతే వెంటపడి బతిమాలేవాళ్ళు. తిప్పయ్య బతిమాలలేదు. పువ్వు పూయించాలి, అంతే కదా అనుకున్నాడు. ఆమె లేని ఇల్లు ఆయనకు బొత్తిగా బాగాలేదు. ఎదురుగా కూర్చుని తిట్టేవాళ్ళు లేక ముద్ద దిగడం లేదు.

టౌనులో విత్తనాలమ్మే ముసలాయన, తిప్పయ్య చెప్పిందంతా విని, ఒక పొట్లం ఇచ్చాడు. పాపీ పూలట. గసగసాల చెట్టుకు దూరపు చుట్టమట, కాకపోతే కూరలోకి పనికిరావు, చూడ్డానికే. కరువుకు తట్టుకుంటాయి. గింజలు మరీ సన్నం గనుక ఇసుకలో కలిపి చల్లాలి, ఎండ బాగా పడాలి. ఇక నీళ్ళంటావా, ఇవి నీళ్ళు అడిగేవి కావులే అని చెప్పి పంపాడు.

ఇంట్లో ఇసుక లేదు. ఇసుక ఉన్నది ఊరి బయట వంకలో, ఎండిన వాగులో. ముగ్గురూ పొట్లం పట్టుకుని అక్కడికి పోయి, వంక నడిమధ్యలో విప్పి, చేతులతోనూ కాళ్ళతోనూ కలిపారు. బాగా కలిశాయి. ఒక్క గింజ కూడా కనబడనంత బాగా కలిశాయి. ఇంకేముంది, ఆ ఇసుకనంతా ఇంటికి తేవలసి వచ్చింది. పొద్దుగూకేదాకా బండి తోలితే దొడ్డి నిండి వంటింటి గడప దాకా వచ్చింది. ఇంత సేద్యం ఊళ్ళో ఎవరూ చేయలేదని ఓబన్న మెచ్చుకున్నాడు.

మర్నాడు తూర్పు గోడ పొద్దుటి ఎండకు అడ్డం వస్తోందని సంజీవులు కనిపెట్టాడు. పడగొట్టారు. సాయంత్రానికి పడమటి గోడ కూడా అదే పని చేస్తూ దొరికిపోయింది. దాన్నీ, రేపు అడ్డం రావచ్చని మిగతా గోడల్నీ పడగొట్టారు. ఆ ఊపులో ఎద్దుల కొట్టం పైకప్పు కూడా పీకారు. ఎద్దులు ఎండలో ఏమైపోతాయని తిప్పయ్య అడిగితే, పూలకు మంచిదైన ఎండ ఎద్దులకు చెడ్డదెట్లా అవుతుందని ఓబన్న కసిరాడు. చివరికి దొడ్డికి గేటొక్కటే మిగిలింది. దొంగల భయానికి దానికి రోజూ తాళం వేసేవాళ్ళు.

ఇక నీళ్ళ సంగతి. తిప్పయ్య పొద్దునా సాయంత్రమూ ఇసుకకు చెవి ఆనించి పడుకునేవాడు. గింజలు ఏమీ అడగలేదు. అడగవనే ముసలాయన కూడా చెప్పాడు గనుక తిప్పయ్య పోయలేదు. సంజీవులుకు మాత్రం మనసొప్పలేదు.

"మనింటికి కొత్తగా వచ్చినాయి గదన్నా, మొగమాటంగా ఉంటాది. అడిగితే గానీ పెట్టని ఇల్లా మనది?" అన్నాడు.

ఆ మాటకు అన్నలిద్దరికీ సిగ్గేసింది. చుట్టం వద్దన్నా ఇంకో గరిటె వడ్డించడం ఆ ఇంటి మర్యాద. ఒక బిందె పోసి, మొగమాట పడొద్దన్నారు. గింజలు చాలు అనలేదు. ఇంకో బిందె పోశారు. అప్పుడూ అనలేదు. ఇంట్లో నీళ్ళు అయిపోయాయి. అప్పుడే ఊరికి నీళ్ళ ట్యాంకరు వచ్చింది. ఇంకేముంది, డ్రైవరు టీ తాగి వచ్చేలోపు దాని గొట్టం తిప్పి దొడ్లో పెట్టారు. ఖాళీ బిందెలతో ఊరు ఊరంతా వచ్చి తిడుతుంటే, చుట్టాలకు పెట్టేటప్పుడు అడ్డం రాకూడదని ఓబన్న సర్దిచెప్పాడు. నీళ్ళూ, ఇసుకా, గింజలూ కలిసి, గోడలు లేని దొడ్లోంచి నిదానంగా వంక దారి పట్టాయి.

బోసిపోయిన దొడ్డిని చూసి తిప్పయ్య ఏడ్చాడు. ఇక సుంకమ్మ రాదని ఏడ్చాడు.

అయితే ఒక గింజ గేటు రాయి సందులో ఇరుక్కుని ఉండిపోయింది. మొలిచింది. అన్నదమ్ములు దాన్ని పిచ్చి మొక్క అనుకున్నారు గనుక ఎవరూ ఏ సాయమూ చేయలేదు. అందుకని అది బతికింది. ఒకనాడు ఎండ ఎక్కేసరికి నారింజ రంగు పువ్వు విచ్చుకుంది. పొట్లం మీది బొమ్మతో పోల్చి చూసుకుని, తిప్పయ్య సుంకమ్మకు ఫోన్ చేశాడు. పూసిందని ఆ ఒక్క మాటే చెప్పాడు. వస్తాండానని ఆమె ఫోన్ పెట్టేసింది.

బస్సు ఆ ఊరికి దీపాలు పెట్టే వేళకు చేరుతుంది. ఆ పువ్వేమో పొద్దువాలితే ముడుచుకునే రకం. సుంకమ్మ సంచీ పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి తిప్పయ్య రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు.

"ఆగు సుంకమ్మా. పువ్వు ముడుచుకునింది. ఇప్పుడు వస్తే నీ మాట పోతాది."

"నేను వచ్చింది పువ్వు కోసం కాదు, నీ కోసం" అన్నదామె.

"అయినా సరే. నీ మాట పోతే నాకు నామర్దా" అన్నాడు తిప్పయ్య. నిజంగానే అన్నాడు.

సుంకమ్మ ఆయన్ని చూసింది, తాళం వేసిన గేటును చూసింది, పక్కన గోడ లేని చోటును చూసింది. ఆ పక్కనుంచే నడిచి ఇంట్లోకి పోయి గడియ పెట్టుకుంది. కిటికీలోంచి, తన మాట పోతే పోయింది గానీ, పువ్వు విచ్చుకున్నాకే నువ్వు లోపలికి రా అని చెప్పింది.

అంతే, తిప్పయ్య పువ్వు పక్కన చతికిలబడ్డాడు. ఆమె ఇంట్లో ఉంది, ఆయనకు అదే పండగ.

తెల్లారేసరికి మబ్బు పట్టి వాన మొదలైంది. ఊరంతా వీధిలోకి వచ్చి సంబరపడింది. పువ్వు విచ్చుకోలేదు. తిప్పయ్య కదలకుండా నానుతూ కూర్చున్నాడు. లోపల వేడి సంగటి వాసన. సుంకమ్మ చూసి చూసి, మనసాగక కిటికీలోంచి గొడుగు విసిరి, పట్టుకోమంది. తిప్పయ్య గొడుగు విప్పి పువ్వుకు పట్టాడు.

కాసేపటికి వాన వెలిసి ఎండ చురచుర కాసింది. సుంకమ్మ కంచంలో సంగటి పెట్టుకుని, తలుపు తీసి గడపలో నిలబడింది.

"ఇంకా విచ్చలేదా?"

"లేదు" అన్నాడు తిప్పయ్య, గొడుగు ఇంకాస్త కిందికి దించి. "ఇంత ఎండ కాస్తాంటే కూడా విచ్చుకోదు. దీనికి బొత్తిగా తెలివి లేదు."