పాదం మీద చెయ్యి

ఇంతకుముందు నేనేదీ రాసి ఎరగను. అయిదో తరగతితో చదువు ఆగిపోయింది. తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి.

అనకాపల్లి దిగువన ఒక చిన్న ఆశ్రమం ఉంది. అక్కడి గురువు సిద్ధప్పయోగికి చక్కెర జబ్బు. కిందటేడు కుడికాలు మోకాలి దాకా తీసేశారు. గురువారం గురువారం అక్కడ బెల్లం పరమాన్నం వండేది నూకరత్నం. వండినమ్మే గిన్నె అడుగు గీకి తినాలని ఆశ్రమంలో ఆచారం. నూకరత్నానికీ చక్కెర ఉంది. అయినా మానలేదు.

"ఓలమ్మ, డాక్టరు వద్దన్నాడు కదేటే?" అనేది తోటి శిష్యురాలు పైడితల్లి.

"ప్రసాదానికి రోగాలొస్తాయేటే? పద్నాలుగేళ్ల నుంచి తింటన్నాను. నీలాగ నమ్మకం లేనోళ్లకే వస్తాయి."

ఆ మాట ఒకనాడు గురువు చెవిన పడింది.

ఆ గురువారం అందరూ చాపల మీద కూర్చుని ధ్యానంలో ఉన్నారు. నూకరత్నం కాళ్లు ఒక పక్కకి మడుచుకుని, కళ్లు మూసుకుంది. మనసు బాగా నిలిచింది. ఇంతలో పైడితల్లి కేక వినపడింది.

"ఓలమ్మో! గురువుగారి చేత కాళ్లు పట్టించుకుంటన్నావేటే!"

నూకరత్నం ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. గురువు మంచం దిగి, నేల మీద దేకుతూ వచ్చి, ఆమె ఎడమపాదాన్ని రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు.

"అపచారం, అపచారం!" అని కాలు లాక్కుంది. "ఎప్పుడు పట్టుకున్నారు గురువుగారూ?"

"నువ్వు కళ్లు మూసుకున్నప్పుడే తల్లీ. చాలా సేపయింది."

నూకరత్నం ఆ పాదాన్ని తనే గిల్లి చూసుకుంది.

"చల్లగా ఉంది. నా కాలూ ముందు ఇలాగే ఉండేది" అన్నాడాయన. "పాకంలో తడిసి ఆరిన గుడ్డ ఎలా బిర్రబిగిసిపోతుందో నీకు తెలుసు కదా. చక్కెర ముదిరితే నెత్తురు నాళాలూ అంతేనట. విప్పారడం మానేసి ముడుచుకుంటాయి. చివరి వేలిదాకా నెత్తురు అందదు. డాక్టరు ఎన్నిసార్లో చెప్పాడు. నేను వినలేదు."

"మీరు తిన్నదీ ప్రసాదమే కదండీ!" అంది ఏడుస్తూ.

"అవును తల్లీ. నీ చేతిదే."

మర్నాడు పొద్దున్నే నూకరత్నం ఏమీ తినకుండా మొదటి బస్సెక్కి పెద్దాసుపత్రికి వెళ్లింది. చీటీ రాయించుకుని వరసలో నిలబడింది. తన వంతు వచ్చాక నర్సమ్మ తల ఎత్తకుండా అడిగింది.

"ఎక్కడ నొప్పి?"

"నొప్పి తెలవట్లేదమ్మా" అంది నూకరత్నం. "అదే సెప్పుకుందామని వచ్చాను."