కొండదారి జీను

కొండకోట దొరకు ఏ జీనూ కుదిరేది కాదు. ఒకటి ఒరుసుకునేది, ఇంకొకటి కొండదారి కుదుపులకు పిగిలిపోయేది. చివరికి జీనులు కుట్టే సిద్దవ్వను పిలిపించాడు.

"మెత్తగా ఉండాలి, నా జన్మంతా మన్నాలి. నీ గుర్రప్పిల్ల ఎదిగిందిగా, దాన్నీ పట్టుకురా. జీను దాని మీదే కడతాను."

అంతకుముందు ఆ పిల్ల తల్లినీ దొర అలాగే తీసుకుపోయాడు. వీపంతా పుండై అది కొండదారిలోనే కూలింది. సిద్దవ్వకు తిరిగొచ్చింది తోలు మాత్రమే.

ఆమె జీను కుట్టి, గుర్రప్పిల్లతో పాటు తెచ్చింది. దొర దాన్ని వాకిట్లో దిమ్మ మీద వేయించి, కూర్చుని, "భలే మెత్తగా ఉందే" అని మురిశాడు. ఇంతలో గుర్రప్పిల్ల వచ్చి జీనును వాసన చూసింది. చిన్ననాటిలా పొదుగు కోసం దాని కింద మూతి పెట్టి వెతకసాగింది.

"ఏమిటే ఇది?" అన్నాడు దొర.

"అది దాని తల్లి తోలు, దొరా. మెత్తదనం మీరే చెప్పారు. మన్నిక సంగతి మిమ్మల్ని మోసినదాన్ని అడగాలి. అడుగుదామంటే అది మీ కిందే ఉంది."

దొర మెల్లగా లేచాడు. పిల్లను తీసుకుపొమ్మని చేత్తో సైగ చేశాడు.

సిద్దవ్వ పలుపు పట్టి లాగింది. పిల్ల కదల్లేదు. ఆమె జీనును తన భుజాన వేసుకుని నడిచింది. అప్పుడు పిల్ల వెనకాలే వచ్చింది.