చెవిలో రాళ్లు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో బుద్ధి తక్కువ, అరుపులు ఎక్కువ. ఊరికే ఊకొట్టడం కాదర్రా, చెవులొగ్గి వినండి.

ఒక ఎండాకాలం ఆ అడవిలోని కొండ కొమ్మున కార్చిచ్చు రేగింది. అప్పటికే జంతువుల తల్లులు నీళ్లకని కిందికి దిగి ఉన్నాయి. పిల్లలు పైనే చిక్కుకుపోయాయి. ఎక్కడానికి బండ చీలిక ఉంది గానీ, పిల్లతో దిగడానికి పైనుంచి వేలాడే అడ్డతీగ ఒక్కటే దారి. అదీ పొట్టిది.

మంకెన అనే కొండముచ్చు ముందుకొచ్చింది. పైకెక్కి, పిల్లను పొట్టకు అదుముకుని, తీగ పట్టుకుని గిర్రున తిరుగుతూ జారేది. తీగ చివర చెయ్యి వదిలేసి, గాల్లోంచి కింది బండ అరుగు మీదకు దూకేది. అరుగు దాటితే లోయ.

వాలగానే రెండు అరచేతులూ బండకు ఆనించి, కళ్లు మూసుకుని కూర్చునేది. కొండముచ్చుల ఆనవాయితీ అది.

మొదట కుందేలు పిల్లను దించింది. కూర్చుంది. తర్వాత జింక పిల్లను దించింది. కూర్చుంది. ఆ తర్వాత ముళ్లపంది పిల్లను దించింది. పొట్టంతా గీరుకుపోయింది. అయినా ముందు కూర్చుంది.

అడవిపెద్ద ఎలుగుబంటి బొద్దయ్యకు ఒళ్లు మండింది. అతని కూన ఇంకా పైనే ఉంది.

"ఏమే, ఇప్పపువ్వు మేసొచ్చావా? తూలుతున్నావు!"

"తూలుతున్నాను కాబట్టే కూర్చున్నాను, పెద్దయ్యా. చెవి లోపల పిండిలాంటి సన్న రాళ్లుంటాయి. తల ఎటు వంచితే అటు జారి, నేల ఎటుందో కళ్లకు కబురు చెబుతాయి. గాల్లో పడేటప్పుడు వాటికి బరువుండదు. కబురు ఆగిపోతుంది. గిర్రున తిరిగి పడితే కళ్లు దిక్కుతోచక ఆడతాయి. అవి నిలబడేదాకా అడుగు వెయ్యకూడదు."

"చెవిలో రాళ్లట! బద్ధకానికి ఎన్ని కతలే నీకు!"

అరుగు దగ్గర చేరినవాళ్లందరూ పకపకా నవ్వారు. కుందేలూ నవ్వింది. బతికొచ్చిన పిల్లను ఒళ్లో పెట్టుకుని మరీ నవ్వింది.

మంకెనకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ కూన నా చేతిలోంచి జారితే తిట్టేదీ నువ్వే కదా! కళ్లు కుదురుకోకుండా లేవను. నువ్వు అడవిపెద్దవైతే మాత్రం, నా కళ్లకు పెద్దవా?"

"ఛీ, నువ్వెందుకు!" అని బొద్దయ్య తానే చీలిక పట్టుకుని ఎక్కాడు. కూనను వీపున వేసుకున్నాడు. తీగ పట్టుకుని గిరగిరా తిరిగాడు. చెయ్యి వదిలాడు. అరుగు మీద దబ్బున పడ్డాడు.

"కూర్చో! చేతులు ఆనించు!" అని అరిచింది మంకెన. ఆమె కళ్లు అప్పటికి కుదురుకున్నాయి.

"నాకు చెప్పొచ్చావా?" అంటూ బొద్దయ్య రొమ్ము విరుచుకుని లేచాడు. అతని కనుగుడ్లు గంతులేస్తున్నాయి. అతనికి నేల నిట్టనిలువుగా లేచినట్టుంది. లోయ చదునుగా పరిచినట్టుంది. దర్జాగా లోయవైపే నడిచాడు.

మంకెన ఒక్క దూకున వెళ్లి, వీపు మీది కూనను లాక్కుంది. బొద్దయ్య లోయలో పడ్డాడు. ముళ్లపొద ఆపింది గానీ, ముంగాలు విరిగింది.

"అంత తెలిసినదానివి, గట్టిగా చెప్పొద్దటే!" అని కింద నుంచి బొబ్బలు పెట్టాడు.

"చెప్పాను. నీకూ చెప్పాను, నవ్విన ప్రతి నోటికీ చెప్పాను. ఇంకెంత గట్టిగా చెప్పాలి?" అంది మంకెన.

ఈసారి ఎవరూ నవ్వలేదు. బొద్దయ్య కూనను పిలిచాడు. మళ్లీ పిలిచాడు. కూన మంకెన మెడ వదల్లేదు.

నీతి: బరువు మోసేవాళ్లు "కాసేపు ఆగాలి" అంటే నోరు మూసుకుని ఆగండి, వాళ్ల ఒంటి సంగతి మీ గొంతుకు తెలియదు.