నాలుగు పళ్ళ బాణీ

"ఉన్న బాణీ పోగొట్టుకుని, పోయిన పళ్ళ వెంట పడడం ఎందుకండి గురువుగారూ?" అని నీలవేణి అడిగేసింది. అడిగాక నాలుక కరుచుకుంది. కానీ వారం రోజులుగా కడుపులో దాచుకున్న ప్రశ్న అది, ఇక ఆగలేదు.

అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పే అలవాటు భద్రయ్య దాసుగారికి లేదు. మండపేటలో ఆయన దగ్గర హరికథ నేర్చుకున్న ప్రతివారికీ ఆ సంగతి తెలుసు. ఇంకో అలవాటు కూడా ఉంది: కథని కాగితం మీద పెట్టనివ్వరు. ఆయన గురువు ఆయనకి నోటితోనే చెప్పాడు, ఆయనా నోటితోనే చెబుతారు, శిష్యులు చెవితోనే పట్టుకోవాలి. ఎవరైనా పుస్తకం తీస్తే ఆ రోజుకి పాఠం అయిపోయినట్టే.

ఇక పళ్ళ సంగతి. పదకొండేళ్ళ కిందట ఒక సభలో ఆయన చిడతలు వాయిస్తూ గిర్రున తిరిగి, వేదిక అంచు చూసుకోక, కింద మృదంగం మీద పడ్డారు. మృదంగానికి ఏమీ కాలేదు. పై వరస ముందు పళ్ళు నాలుగూ పోయాయి. కట్టుడు పళ్ళు పెట్టించుకుంటే అవి మొదటి కథలోనే, పై షడ్జం దగ్గర, ఎగిరి వెళ్ళి ముందు వరసలో కూర్చున్న సభాధ్యక్షుడి ఒడిలో పడ్డాయి. ఆ రోజు నుంచి ఆయన వాటి ముఖం చూడలేదు. నాలుక ఆనడానికి పన్ను లేక 'త' అనబోతే 'ట' అయ్యేది, 'ద' అనబోతే 'డ' అయ్యేది. (ఆయన మాటల్ని ఇక్కడ పళ్ళు పెట్టి రాయక తప్పదు, లేకపోతే చదవలేం.) ఆయన చెవికి మాత్రం తన 'త' ఎప్పుడూ 'త'గానే వినిపించేది. నీలవేణి చేరింది ఆ తరవాత మూడేళ్ళకి. ఆమె విన్నది ఆ గొంతునే, ప్రేమించింది ఆ గొంతునే. మామూలు మాటల్లో ఎలా ఉన్నా, కథలో "డయామయా" అని ఆమె గొంతెత్తితే జనం "భద్రయ్యగారి బాణీ!" అని తలలూపేవారు. ఆమె దగ్గర ఇప్పుడు పన్నెండుమంది నేర్చుకుంటున్నారు. వాళ్ళందరిదీ అదే బాణీ.

ఆ మధ్య ఎవరో ఆయన కథని ఫోనులో రికార్డు చేసి ఆయనకే వినిపించారు. అందులో తన 'త' ఆయన చెవికే 'ట'గా వినిపించింది. మూడో రోజు బస్సెక్కి కాకినాడలో పళ్ళ డాక్టరు హైమవతిగారి దగ్గరికి వెళ్ళారు. దవడ ఎముకలో రెండు మరమేకులు బిగించి, వాటి మీద నాలుగు పళ్ళూ నిలబెట్టడానికి నిశ్చయమైంది.

"షుగరు మనిషి, డెబ్భై రెండేళ్ళు," అంది నీలవేణి, ఎలాగూ నోరు జారింది కదా అని. "ఎముకలోకి మరలేమిటండి? దేహం నీటి బుడగ అని ప్రతి కథలోనూ మీరే చెబుతారు. రేపు ఆ పళ్ళొచ్చి బాణీ మారిపోతే మేమంతా ఏమైపోవాలి?"

ఆమెకి నిజంగానే భయం వేసింది. ఆయనకేమైనా అవుతుందన్న భయం ఒకటి. ఎనిమిదేళ్ళు పట్టుకున్నది చేతిలోంచి జారిపోతుందన్న భయం రెండోది. రెండోదే పెద్దదని ఆమెకి తెలుసు, అందుకు సిగ్గుపడింది కూడా.

"షుగరు అదుపులో ఉంది. డాక్టరమ్మ చూసే ఒప్పుకుంది," అన్నారాయన. "రేపు సాయంత్రం మీ గోవర్ధనం కథ ఉందిగా? నేనూ వస్తాను."

గోవర్ధనం కరెంటు ఆఫీసులో లైన్‌మన్, నీలవేణి శిష్యుల్లో చురుకైనవాడు. నవ్వితే మొక్కజొన్న పొత్తు ఒలిచినట్టుండే పలువరస. రైసు మిల్లు ఆవరణలో, కార్మికుల సభలో, అతను తొలిసారి పూర్తి కథ చెబుతున్నాడు. గురువూ శిష్యురాలూ వెళ్ళి వెనక గోడ పక్కన కూర్చున్నారు. కథ దాసుగారు స్వయంగా కట్టినదే: వరద గోదారిలో తెడ్డు విరిగి కొట్టుకుపోతున్న పడవవాడు ఓబయ్య కథ. సుడిగుండం దగ్గర గోవర్ధనం చిడతలు ఆపి, చేతులు పైకెత్తి, గుండెలు పగిలేలా అందుకున్నాడు.

"మాటా! నను డరి చేర్చవా!"

తరవాత గొంతు తగ్గించి జనం వైపు తిరిగాడు. "చూశారాండి? ఇంకెవరైనా అయితే గోదారిని మాతా అని పిలిపించి ఊరుకునేవోరండి. మా గురువుగారు మాటా అన్నారు! నడి ఏట్లో తెడ్డు పోయినోడికి మిగిలేది ఏంటండి? నోట్లో మాట! ఆ మాటే తల్లి!"

మిల్లు ఆవరణంతా చప్పట్లు. బస్తాలు కుట్టే ఒకావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నీలవేణి ఒళ్ళు పులకరించింది. ఆ వ్యాఖ్యానం ఆమె సొంతం. మొదటి ఏడు ఆమె ఆయన్ని అడిగింది కూడా, "అక్కడ మాతా అనాలా, మాటా అనాలా?" అని. ఎప్పుడూ లేనిది ఆయన తడుముకోకుండా చెప్పారు. ఆమె విన్నది "మాట". దాని అర్థం కోసం నెల్లాళ్ళు ఆలోచించి, దొరికాక పండగ చేసుకుంది. ఇప్పుడు మెచ్చుకోలు కోసం గురువు ముఖంలోకి చూసింది.

ఆయన మెల్లగా అడిగారు, "ఆ ముక్క ఎవరు చెప్పారమ్మా అతనికి?"

"నేనేనండి. నాకు మీరు."

"నేను చెప్పింది మాత."

ఆమెకి వినిపించింది వేరు. "అవునండి, మాటే," అంది, సంతోషంగా.

"కాదమ్మా. మాత."

"మాటా!" అంది నీలవేణి, ఇంకాస్త నొక్కి. పాఠంలో ఆయన 'కాదమ్మా' అన్నప్పుడల్లా ఎనిమిదేళ్ళుగా ఆమె చేసింది అదే. ఇంకా గట్టిగా అనమంటున్నారనుకునేది.

దాసుగారు అటూ ఇటూ చూశారు. గోడ వారన తవుడు పేరుకుని ఉంది. ఆయన మోకాళ్ళ మీదికి వంగి, చూపుడు వేలితో ఆ తవుడులో రెండక్షరాలు రాశారు. కథలోని మాటని ఆయన రాయగా ఎవరైనా చూడడం అదే మొదలు.

మాత.

నీలవేణి ఆ రెండక్షరాలూ మళ్ళీ చదువుకుంది. ఎనిమిదేళ్ళలో ఆయన అన్న 'కాదమ్మా'లన్నీ ఒక్కసారిగా చెవుల్లో మోగాయి. ఆయన ఒక్కనాడూ విసుక్కోలేదు. తను ఒక్కనాడూ అనుమానపడలేదు. అవతల గోవర్ధనం రెండోసారి అందుకున్నాడు. ఈసారి జనం కూడా గొంతు కలిపారు. రెండు వందలమంది ఒక్క గొంతుతో గోదారిని 'మాటా' అని పిలుస్తూంటే ఆమెకి లేచి ఆపాలనిపించింది.

"కానీ గురువుగారూ," అంది చివరికి, "జనం కళ్ళు తుడుచుకున్నారు కదండి."

"బాగుంది మరి. నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి," అన్నారాయన. "కాకపోతే ఆ ఓబయ్య నా ఓబయ్య కాడు. వాడు పిలిచింది తల్లిని."

"ఇన్నాళ్ళూ మీ బాణీ అనుకున్నానండి!"

"నోట్లో పళ్ళు లేనిది నాకమ్మా. గోవర్ధనానికి ఏమొచ్చింది?"

నీలవేణి నాలుక తనకు తెలియకుండానే పై పళ్ళ వెనక్కి వెళ్ళింది. అన్నీ ఉన్నాయి, వరసగా, గట్టిగా. ఓబయ్య పిలుపుని, కథలో పాడినట్టే, ఒకసారి లోలోపల 'మాతా' అని అనుకుని చూసింది. నాలుక పళ్ళ దాకా వెళ్ళి, అక్కడ ఆగక, అలవాటుగా వెనక్కి మడత పడింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అంతే. ఆమెకి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

కథ ముగిసింది. గోవర్ధనం మెడలో దండతో, చెమటలు కక్కుతూ, జనంలోంచి వీళ్ళ వైపే పరిగెత్తుకొస్తున్నాడు, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ. దాసుగారు పంచెకంటిన తవుడు దులుపుకుని లేచి, అతన్ని దీవించడానికి ముందే చెయ్యెత్తి, శిష్యురాలితో అన్నారు:

"నా ఎముక మరని పట్టుకోవడానికి నాలుగు నెలలు చాలంది డాక్టరమ్మ. మీ అందరికీ పళ్ళు రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఆవిడని అడగలేదమ్మా."