మంత్రిగారి తలపాగా

వెనకటికి ఒక కోటలో బొంతలు కుట్టుకు బతికే మాణిక్యమ్మ ఉండేది. మంత్రి విరూపాక్షయ్య కొత్త కట్టడి పెట్టాడు. కోటలో ఎవరి సామాను వాళ్ళ దగ్గర ఉండకూడదు, బండివాళ్ళు అదంతా తీసుకుపోయి పెద్దకొట్టులో పెట్టాలి. దొంగలు వచ్చి నాదంటూ ఎత్తుకుపోకుండా, కొట్టులో పెట్టినవాడికే తిరిగివ్వాలి.

మాణిక్యమ్మ సగం కుట్టిన బొంత కూడా కొట్టుకి పోయింది. అడగబోతే కాపలావాడు, "పెట్టింది బండివాడు కదమ్మా, వాణ్ణే రమ్మను" అన్నాడు. వాడేమో పొరుగూరు పోయాడు. ఆమె పోయి మంత్రికి మొరపెట్టుకుంది.

"రాణిగారి బిడ్డ బారసాలకి బొంత అందకపోతే నీకిక్కడ చోటు లేదు. నా కట్టడికేం, నీకే చేతకాదు" అన్నాడు మంత్రి.

పిల్లల్ని వేసుకుని ఎక్కడికి పోనురా దేవుడా అని ఆమె మంత్రి గడప ముందే కూలబడింది. అంతలో చాకలి మంత్రిగారి తలపాగా ఉతికి తెచ్చాడు.

"కట్టడి అందరికీ కదా నాయనా" అంటూ ఆమె దాన్ని అందుకుని, అటుగా కొట్టుకి పోయే బండెక్కించింది.

సభకి వేళయింది. బోసితలతో రాజు ముందుకెలా పోతాడు? మంత్రి కొట్టుకి పరుగెత్తాడు.

"పెట్టిన బండివాడు రావాలి దొరా, తమరి ఆజ్ఞే" అన్నాడు కాపలావాడు.

"ఓరి, తలపాగా నాదిరా!"

వెనకే వచ్చిన మాణిక్యమ్మ మెల్లగా, "బొంత కూడా నాదే దొరా" అంది.

మంత్రి కాపలావాడి వైపు తిరిగాడు. "పెట్టింది ఎవరైతేనేం, ఎవరి సొమ్ము వాళ్ళకిచ్చెయ్" అన్నాడు.

ముందు బయటికొచ్చింది బొంతే.