ఎవరి పిల్లో తెలియని తుంగమ్మ

ఏటికి వంతెన లేని కాలం, మన ముత్తవ్వల ముత్తవ్వలు కూడా పుట్టని కాలం. తుంగభద్ర నడుమ ఒక లంక ఉండేదట. లంక మీద మూడు వీధులు. పెద్దరెడ్ల వీధి, సాలెవీధి, ఊరి చివర పేట. ఊరికంతటికీ ఒకటే పుట్టి. పుట్టి అంటే వెదురు అల్లి తోలు తొడిగిన గుండ్రటి పడవ.

దాన్ని నడిపే తిక్కన్నకు ఒకనాడు ఇసుకలో, చేటలో పడుకోబెట్టిన పిల్ల దొరికింది. నల్లటి పిల్ల. తుంగమ్మ అని పేరు పెట్టి పెంచాడు. ఎవరడిగినా "ఏటి పిల్ల" అనేవాడు. "నా పిల్ల" అంటే కులపోళ్లు వెలేస్తారని ఆయన భయం. మంచివాడే, పిరికివాడు కూడా.

"నువ్వెవరి పిల్లవే?" అని పుట్టి ఎక్కినవాళ్లంతా అడిగేవాళ్లు.

"తెలిస్తే నాకూ చెప్పండి" అనేది తుంగమ్మ. నవ్వుతూనే అనేది. లోపల మాత్రం ఒక్కరైనా "మా పిల్ల" అంటే వినాలని ఆమెకు కొండంత ఆశ.

తిక్కన్న పోయాడు. తెడ్డు తుంగమ్మ చేతికొచ్చింది. పెద్దమనిషి బసిరెడ్డి కబురు పెట్టాడు.

"నీ కులమేందో తేలేదాకా మేం నీ పుట్టి ఎక్కం. యా వీధి దానివో సాక్ష్యం తెచ్చుకో."

తుంగమ్మ పెద్దరెడ్ల వీధికి పోయింది. "మా ఇండ్లల్లో ఇంత నలుపు యాడుంది?" అన్నారు. సాలెవీధికి పోయింది. "మా పిల్ల అయితే నీకు మగ్గం పని వచ్చుండేది" అన్నారు. పుట్టుకతోనే నేత వస్తుందని వాళ్ల లెక్క కాబోలు! పేటకు పోయింది. అక్కడ ఈరమ్మ అనే ముసలామె కూర్చోబెట్టి సంగటి పెట్టింది.

"మా దానివంటే నీ బతుకు ఇంకా కష్టమైతాది తల్లీ. నా నోటితో నేననలేను" అంది.

తుంగమ్మ సంగటి తిని చెయ్యి కడుక్కుని రేవుకొచ్చేసింది.

ఆ ఏడే ఏరు పొంగింది. నీళ్లు గడపల దాకా వచ్చాయి. కులం తేలకపోయినా పుట్టి ఎక్కక తప్పలేదు. మొదటి విడతలో ఈరమ్మ, మనవళ్లు ఒక పక్క కూర్చున్నారు. వాళ్లను తాకకూడదని రెడ్లంతా ఇంకో పక్కకు ఒరిగారు. బరువంతా అటే పడి పుట్టి ఒరిగింది, నీళ్లు లోపలికొచ్చాయి. తుంగమ్మ ఎలాగో మళ్లీ ఒడ్డుకు లాగింది.

"గుండ్రటి పుట్టికి పైనా కిందా ఉండవు. మనిషి పక్కన మనిషి చుట్టూ కూర్చుని చేతులు పట్టుకోండి. లేదంటే అందరం ఈడనే సస్తాం" అంది.

"ఎవరి పిల్లవని మాకు బుద్ధి చెప్తాండావు?" అన్నాడు బసిరెడ్డి.

"తెలిస్తే నాకూ చెప్పండి రెడ్డప్పా. ముందు ఆ యవ్వకు చెయ్యియ్యండి."

బసిరెడ్డి ఈరమ్మ చెయ్యి పట్టుకున్నాడు. పుట్టి నిలబడింది. పొద్దు గుంకేలోగా ఊరంతా గట్టెక్కింది. ఒక్క ప్రాణం పోలేదు.

రోజంతా నీళ్లలో నాని తుంగమ్మకు జ్వరం తగులుకుంది. గట్టు మీద ఎవరి గుడిసె వాళ్లు వేసుకుంటున్నారు, ఎవరి గింజలు వాళ్లు ఆరబోసుకుంటున్నారు. ఒక రోజు పడుకుంది. రెండు రోజులు పడుకుంది. మూడో రోజు లేవలేదు.

అప్పుడొచ్చారు అందరూ. "మా పిల్ల, మా శ్మశానానికి తీసుకుపోతాం" అన్నాడు బసిరెడ్డి. "మా పిల్ల" అన్నారు సాలెవాళ్లు. "మా పిల్ల" అన్నారు పేటవాళ్లు. పాడె దగ్గర మాటా మాటా పెరిగింది.

ఈరమ్మ తుంగమ్మ తల దగ్గరే కూర్చుని ఉంది.

"ఆ మాట నిన్న అనుంటే విని పోయుండేది గదా. మీరూ అనలే, నేనూ అనలే" అంది.

ఏ వీధిదీ కాని రేవు ఒడ్డునే ఆమెను పూడ్చిపెట్టారు. మూడు వీధులవాళ్లూ తలా పిడికెడు మన్ను వేశారు.

తర్వాత ఏటికి వంతెన వచ్చింది, పుట్టి పోయింది. కానీ ఆ ఊళ్లో ఇప్పటికీ ఒక అలవాటు ఉంది. జాతరలోనో సంతలోనో తప్పిపోయి ఏడుస్తున్న పిల్ల కనబడితే, దగ్గరున్నవాళ్లు ముందు ఎత్తుకుని "మా పిల్లే" అని ఆ పిల్లకు వినబడేలా అంటారు. తల్లిని వెతకడం ఆ తర్వాత.